నాన్న రాలీ సైకిల్ అమ్మిన నా అనుభవం

విశాఖపట్నం మల్కాపురంలో ఇల్లు సర్దుతుంటే వరండా మూల నాన్న సైకిల్ బయటపడింది. 1968లో షిప్‌యార్డులో చేరినప్పుడు ఎవరో ఆఫీసరు దగ్గర పాతది కొని, రిటైరయ్యేదాకా దాని మీదే డ్యూటీకి వెళ్లారాయన. పాతసామాన్ల అతను తూకం వేసి, "ఎనిమిది వందలమ్మా" అన్నాడు. ఇచ్చెయ్యమంది అమ్మ. నాకు మనసొప్పలేదు.

ముందు అది ఎక్కడిదో తేలాలి. రాలీ ఇంగ్లండు కంపెనీ అయినా, ఆ పేరుతో మన దగ్గర కూడా, ఆసన్‌సోల్‌లోని సెన్ రాలీ ఫ్యాక్టరీలో, సైకిళ్లు తయారయ్యాయి. సేకరించేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇంగ్లండు బండిని. హ్యాండిల్ కింద బిళ్ల తుడిస్తే రాలీ గుర్తయిన కొంగ తల, ఇంగ్లండులో ఆ కంపెనీ ఊరు నాటింగ్‌హామ్ పేరు కనిపించాయి. వెనక చక్రం మధ్యలో, లోపల మూడు గేర్లుండే హబ్బు మీది జిడ్డు కిరోసిన్‌తో వదిలించాక స్టర్మీ ఆర్చర్ అన్న కంపెనీ పేరు, ఏడబ్ల్యూ అన్న మోడల్ అక్షరాలు, పక్కన 55, 8 అంకెలు. ఆ కంపెనీ హబ్బు చేసిన ఏడాది, నెల అలా కొట్టేది. అంటే 1955 ఆగస్టు. నాకు చేతులు వణికాయి.

ఆ సంతోషంలోనే తప్పు చేశాను. ట్యూబులు మార్చమని దగ్గర్లోని షాపులో వదిలి వచ్చాను. మర్నాడు వెళ్లేసరికి నాన్న కూర్చున్న బ్రూక్స్ తోలు సీటు లేదు. చిరిగిందని పారేసి, కొత్త స్పాంజి సీటు బిగించారు. "రంగు కూడా వేయించేద్దాం, కొత్తదానిలా ఉంటాది" అన్నారు. చెత్తంతా వెతికించాను, దొరకలేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

కంచరపాలెంలో ఓ పెద్దాయన మాత్రం రంగు జోలికి వెళ్లొద్దన్నారు. "ఈ నలుపు, ఈ బంగారు గీతలు కంపెనీవమ్మా. గీకేస్తే మళ్లీ రావు." ఉప్పుగాలికి రిమ్ముల మెరుపు ఎప్పుడో పోయింది, దాన్నీ అలాగే ఉంచమన్నారు. హబ్బుకున్న చిన్న మూత తెరిచి పల్చటి ఆయిల్ పోశారు. గ్రీజు పెడితే లోపల చక్రాన్ని పట్టి తిప్పే చిన్న కొక్కేలు అతుక్కుపోతాయట. రెండు రోజులకి మూడు గేర్లూ పడ్డాయి. రెండో గేరులో తొక్కుతుంటే టిక్ టిక్ మని చప్పుడు.

ధర తేల్చడానికి అమ్మేవాళ్లు అడుగుతున్న రేట్లు నమ్మలేదు. నిజంగా ఎంతకి అమ్ముడయ్యాయో కొన్నవాళ్లనే అడిగాను. ఇరవై వేలు చెప్పాను. ఎంవీపీ కాలనీ నుంచి వచ్చినాయన టార్చి వేసి గంటసేపు చూశారు. సీటు సంగతి, ముందు రిమ్ము మార్చిన సంగతి ఆయన అడగకముందే చెప్పాను. పద్నాలుగున్నర వేలకు కుదిరింది. సీటుంటే ఇంకా ఇచ్చేవాణ్ణన్నారు.

వ్యానెక్కించే ముందు వీధి చివరిదాకా ఓసారి తొక్కి చూశారు. ఆ టిక్ టిక్ వినపడగానే, వంటింట్లో ఉన్న అమ్మ చెయ్యి తుడుచుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసింది.