కల్పవల్లి కొండల్లో గాలిమరలు, వాటికోసం తవ్విన దావలు

బెంగళూరు నుంచి జాతీయ రహదారి 44 మీద పెనుకొండ దాటి ఉత్తరానికి వస్తుంటే ఎడమచేతి వైపు కొండల వరస మీద గాలిమరలు కనబడతాయి. ఈ చుట్టుపక్కల కొండలకు గాలిమరలు కొత్త కాదు, రామగిరి దగ్గర 1990లలోనే నిలబెట్టారు. మేం చూడాలనుకున్నది మాత్రం అంతకన్నా తర్వాత వచ్చిన నల్లకొండ ప్రాజెక్టును. అదీ, దానికోసం తవ్విన దావలూ (రోడ్లూ) కల్పవల్లి అనే ఉమ్మడి అడవి మీదుగా పోయాయి. గాలి విద్యుత్తు మీద ఊళ్ళు ఎందుకు చీలిపోతాయో తెలుసుకోవాలంటే మన రాష్ట్రంలో ఇంతకంటే మంచి చోటు లేదు.

రైలులో వచ్చేవాళ్ళు ధర్మవరం జంక్షన్‌లో దిగాలి. కారైతే చెన్నేకొత్తపల్లి దగ్గర హైవే వదిలి పడమటికి తిరగాలి. ముష్టికోవెల, శాపురం, కోగిర ఇక్కడి ఊళ్ళు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి బలంగా ఉంటుంది, మరలు తిరగడం చూడాలంటే అదే అదను. వంకలూ (చిన్న వాగులూ) గడ్డీ చూడాలంటే సెప్టెంబరు, అక్టోబరు వానల తర్వాత రావాలి. రెండూ ఒకే ప్రయాణంలో కావాలంటే సెప్టెంబరు చివర మంచిది. కొండ మీద నీడా ఉండదు, నీళ్ళూ దొరకవు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, గట్టి బూట్లు తప్పనిసరి. ముందుగా ఊళ్ళో ఈ అడవిని చూసుకునే సహకార సంఘం వాళ్ళతో మాట్లాడి, తోవ తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని ఎక్కడం మర్యాద, క్షేమం కూడా.

కల్పవల్లి కథ కొంచెం తెలియకపోతే కొండ మీద చూసేదేదీ అర్థం కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం ఇది. 1990ల మొదట్లో ఈ కొండలు రాళ్ళూ దుమ్మూ తప్ప మరేమీ లేని బీడు. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ తోడ్పాటుతో ముష్టికోవెల వాళ్ళు ముందు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తర్వాత దీన్ని కాపాడటం మొదలుపెట్టారు. చేసిన పని చెప్పడానికి చిన్నదే: కాపలా పెట్టుకోవడం, గడ్డి ఎండే కాలానికి ముందే అగ్గి పాకకుండా పట్టీలుగా గడ్డి కోసేయడం, విత్తనాలు చల్లడం, మిగతాది నేలకే వదిలేయడం. నేల తన పని తాను చేసుకుంది. వంకల వెంట ఈత చెట్లు లేచాయి, బోదగడ్డి పెరిగింది, చెరువులోకి నీళ్ళు చేరాయి. ఇప్పుడు ఏడెనిమిది వేల ఎకరాలు. ఈత ఆకుతో చాపలు, బుట్టలు, చీపుర్లు. గడ్డి కప్పులకూ మేతకూ. ఎన్నో ఊళ్ళ గొర్రెలకు ఇదే మేత నేల. తోడేళ్ళు, ఎలుగుబంట్లు, చిరుతలు కూడా తిరిగొచ్చాయి.

అయితే రెవెన్యూ రికార్డుల్లో ఈ నేల అప్పుడూ ఇప్పుడూ ప్రభుత్వ బంజరే. అడంగల్ తీసి చూస్తే కాపాడిన ఊరి పేరుకు అందులో చోటుండదు. గాలిమరలకు స్థలం అడిగినప్పుడు ప్రభుత్వం దృష్టిలో అది ఖాళీ నేల. పట్టా భూమిలో మర పెడితే రైతుకు డబ్బు వస్తుంది. కొండ నెత్తి మీద పెడితే కౌలు సొమ్ము సర్కారుకు పోతుంది, మేత పోయినవాడికి కాగితం మీద ఏ హక్కూ ఉండదు. ఊరు రెండుగా చీలేది ఇక్కడే. కాపలా ఉద్యోగం దొరికినవాడు, పనులకు ట్రాక్టరు తిప్పినవాడు ఒక పక్క. గొర్రెలు తోలేవాడు, ఈతాకు కోసే ఆడవాళ్ళు ఇంకో పక్క. ఇద్దరూ చెప్పేది నిజమే.

నల్లకొండ ప్రాజెక్టు సామర్థ్యం 50.4 మెగావాట్లు. ఒక్కొక్కటి 0.8 మెగావాట్ల మరలు 63. రెక్కల చక్రం వ్యాసం దాదాపు 53 మీటర్లు, స్తంభం ఎత్తు దాదాపు 75 మీటర్లు. ఇవి గేరుపెట్టె లేని రకం, చక్రం నేరుగా జనరేటరును తిప్పుతుంది. అందుకని కిందికి వినబడేది ఎక్కువగా రెక్క గాలిని కోసే శబ్దమే. గాలి సెకనుకు రెండు మూడు మీటర్లు దాటాక కరెంటు మొదలవుతుంది. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది కాబట్టే లోయలు వదిలి కొండ నెత్తికే ఎక్కిస్తారు. సామర్థ్యంలో పాతిక శాతం లెక్కన చూసినా ఒక్క మర ఏడాదికి 17 లక్షల యూనిట్ల పైన ఇస్తుంది. బొగ్గు కాల్చకుండా వచ్చే ఆ కరెంటు మనకు కావాలి. అందులో మాకు రెండో మాట లేదు.

ఇక దావ సంగతి. మర నిలబడే చోటు అర ఎకరం, మహా అయితే ఎకరం. కానీ 26 మీటర్ల రెక్కను మోసే పొడవాటి ట్రైలరు, దాని వెనక క్రేను పైకి రావాలి. అవి పది పన్నెండు శాతం వాలుకు మించి ఎక్కలేవు. అంటే వంద మీటర్ల ఎత్తుకు దాదాపు కిలోమీటరు దావ కావాలి. మలుపుల్లో మామూలు వెడల్పు చాలదు, ఇంకా తవ్వాలి. దావ ఆరు మీటర్లే అనుకున్నా, కోసిన గట్టూ కింద పోసిన మట్టీ కలిపి పన్నెండు మీటర్ల పట్టీ పాడవుతుంది. కిలోమీటరుకు మూడెకరాలు. కాగితం మీద మరల అడుగు స్థలం చూపించి ‘ఇంతే తీసుకున్నాం’ అనే లెక్కలో ఈ మూడెకరాలు కనబడవు.

మట్టి లెక్క ఇంకా పెద్దది. ముప్పై డిగ్రీల వాలున్న కొండను ఆరు మీటర్ల వెడల్పున నిలువుగా కోస్తే లోపలి గోడ మూడున్నర మీటర్లు లేస్తుంది. కిలోమీటరుకు పదివేల ఘనపు మీటర్ల మట్టి, అంటే పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లు వెయ్యి. దాన్ని కిందికి మోసుకుపోయి వేయాలంటే డీజిలు ఖర్చు. అందుకే పక్కనే లోయలోకి నెట్టేస్తారు. మొదటి పెద్ద వానకు అది వంకలోకి, వంకలోంచి చెరువులోకి చేరుతుంది.

ఒక వంక దగ్గర మేం చాలాసేపు నిలబడ్డాం. దావ వంకను అడ్డంగా దాటుతుంది, కింద సన్నటి సిమెంటు పైపు. పైవైపు నోరు ముళ్ళకంపతో, గులకరాళ్ళతో ముప్పాతిక మూసుకుపోయి ఉంది. దాని ముందు మెత్తటి ఎర్రమట్టి మేట. చేతికర్ర గుచ్చితే మోచేతి దాకా దిగింది. నీళ్ళు పైపులో పట్టక దావ మీదుగా పొర్లి, కిందివైపు అంచును కోసేశాయి. అక్కడ మనిషి దిగి నిలబడేంత గండి, అందులో వేళ్ళు బయటపడి ఒరిగిన ఈత చెట్టు. పైన నీళ్ళు నిలిచి మట్టి పేరుకోవడం, కింద నేల కోసుకుపోవడం: ఏ కొండ దావ మీదైనా ఈ రెండు గుర్తులూ కలిసి కనబడితే పైపు చాలలేదని అర్థం. కొండవంకకు 900 మిల్లీమీటర్ల కన్నా సన్న పైపు వేయకూడదు. అంతకు తక్కువైతే లోపలికి మనిషి దూరి పూడిక తీయలేడు. ఏటా వానలకు ముందు తీయకపోతే ఎంత పెద్ద పైపైనా ఇదే గతి. పారే వంకకు పైపు బదులు నీళ్ళు పైనుంచే పోయే కాంక్రీటు చప్టా వేస్తే ఈ గొడవే ఉండదు. వానాకాలంలో రెండు మూడు గంటలు బండి ఆగుతుంది, అంతే.

వాలు దావకు అడ్డంగా ముప్పై నలభై మీటర్లకొక కాలువ, కోసిన గట్టుకు తీగవలలో రాళ్ళు పేర్చిన గోడ, కాలువ చివర మట్టి ఆగే గుంత. ఇవేమీ కొత్త విద్యలు కావు. ఘాట్ రోడ్లకు చేసేవే. ప్రాజెక్టు రోడ్లకు ఇవి చేయమని అడిగే వ్యవస్థ లేకపోవడమే అసలు లోపం. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో గాలి విద్యుత్తు లేదు. అందుకని ప్రభావ నివేదికా ఉండదు, దానికింద జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దీన్ని కాలుష్యం లేని ‘వైట్’ జాబితాలో పెట్టింది. పొగ విషయంలో అది సరైన మాటే, కొండను కోయడం విషయంలో కాదు. కల్పవల్లి గొడవ 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అప్పటికే దావలు పడిపోయాయి, మరలు లేచిపోయాయి.

అనంతపురం ప్రాంతంలో చాలామంది నోట ఇంకో మాట వినిపిస్తుంది, మరలు మబ్బుల్ని తరిమేస్తున్నాయని. ఇది నిలవదు. రెక్క కొస వంద మీటర్ల ఎత్తు, వాన మబ్బు అంతకు ఎన్నో రెట్లు పైన. కరువు బాధలోంచి వచ్చిన అనుమానాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ మాట ముందుకొస్తే అధికారులు నవ్వి ఊరుకుంటారు, దాంతోపాటు వంక పూడిపోయిందన్న నిజమైన ఫిర్యాదు కూడా మూలన పడుతుంది. చెరువు మట్టిని కర్రతో కొలిచి, ఫోటో తీసి, సర్వే నంబరుతో రాసిస్తే ఎవరూ కాదనలేరు.

2024లో రాష్ట్రం కొత్త క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చింది. రాయలసీమ కొండల మీదికి ఇంకా పెద్ద మరలు వస్తాయి, వాటి రెక్కలు అరవై డెబ్బై మీటర్లు, పునాదికి వందల ఘనపు మీటర్ల కాంక్రీటు. దావలు ఇంకా వెడల్పు. ప్రతిపాదన దశలో ఉన్న ఊరు సంతకాలకు ముందే కొన్ని కాగితాలు చేతికి తెచ్చుకోవాలి. మరల జాబితాతో సరిపెట్టుకోకుండా దావల నక్షా అడగాలి, ఏ వంకను ఎక్కడ దాటుతుందో, అక్కడ పైపా చప్టానో అందులో ఉండాలి. తవ్విన మట్టి ఎక్కడ పోస్తారో సర్వే నంబరుతో సహా రాయించాలి. కేంద్రం 2016 మార్గదర్శకాల ప్రకారం ఇళ్ళకు 500 మీటర్ల దూరం, రోడ్లకూ కట్టడాలకూ స్తంభం ఎత్తు, చక్రం వ్యాసంలో సగం, మరో ఐదు మీటర్లు కలిపినంత దూరం ఉండాలి. నల్లకొండ మరకైతే అది 106 మీటర్ల పైచిలుకు. టేపు పట్టి చూసుకోవచ్చు.

మేత నేల ఎవరు వాడుతున్నారో గ్రామసభ తీర్మానంలో ముందే ఎక్కించుకోవాలి, గొర్రెల లెక్కతో, ఈతాకు కోసే ఇళ్ళ లెక్కతో. అడంగల్‌లో లేనిది కనీసం తీర్మానంలోనైనా ఉంటుంది. చివరగా, మర ఆయుష్షు ఇరవై, పాతికేళ్ళు. అది అయిపోయాక స్తంభం దింపి, పునాది పూడ్చి, దావను మళ్ళీ గడ్డికి వదలడానికి అయ్యే సొమ్మును ముందే డిపాజిట్ చేయించుకోవాలి. పని మొదలయ్యాక ఆ మాట ఎత్తితే వినేవాళ్ళుండరు.