డబ్బంతా ఇసుకలోకే పోయింది: మా రేడియో టవర్ అనుభవం

నిన్న సాయంత్రం మా కమ్యూనిటీ రేడియో యాంటెన్నా టవర్ మీదికి ఎక్కింది. పైన బోల్టులు బిగించిన కుర్రాడు క్షేమంగా కిందికి దిగేదాకా నేను మంచినీళ్లు కూడా ముట్టలేదు. పదహారు నెలలు పట్టింది. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంకెవరైనా ఈ పనికి దిగితే ఉపయోగపడుతుందని వెంటనే రాస్తున్నాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. పక్క ఊళ్లో ఎవరు బతికున్నారో కూడా తెలియలేదు. బ్యాటరీ రేడియోలో మన ఊరి మాట వినిపించాలన్న పట్టుదల మా మహిళా సంఘానికి అప్పుడే మొదలైంది. జహీరాబాద్ దగ్గర సంగం రేడియోని 2008 నుంచి పల్లె ఆడవాళ్లే నడుపుతున్నారన్న సంగతి మాకు ధైర్యమిచ్చింది.

ఢిల్లీకి దరఖాస్తు, కమిటీ ముందు హాజరు, ఇవన్నీ సాఫీగానే జరిగాయి. ట్రాన్స్‌మిటర్ ఖరీదు కూడా ముందే తెలుసు. దాన్ని నిలబెట్టే ఇనుముకీ, దాని కింద పోసే కాంక్రీటుకీ ఎంతవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొదట సంఘం మేడ మీద స్టే వైర్లతో, అంటే పక్కల నుంచి తీగలు లాగి కట్టి, మాస్టు (సన్న స్తంభం) వేద్దామనుకున్నాం. ఇంజినీరు వచ్చి, స్లాబు ఆ బరువు మోయదన్నాడు. నాలుగు వందల మీటర్ల అవతల ఇసుక నేల దొరికింది. స్థలం మారితే అక్షాంశ రేఖాంశాలు మారతాయి, అవి మారితే శాక్ఫా అనుమతికి, అంటే ఫలానా చోట టవర్ కట్టుకోవచ్చని కేంద్రం ఇచ్చే అనుమతికి, మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు. స్థలం ఖాయం కాకుండా ఫారం నింపొద్దు. అక్కడే మాకు ఐదు నెలలు పోయాయి.

"పదిహేను మీటర్లు చాలు, ఖర్చు సగమవుతుంది" అని చాలామంది సలహా ఇచ్చారు. ఎఫ్.ఎం. తరంగం దాదాపు మన చూపు లాగే తిన్నగా పోతుంది. మా కొబ్బరిచెట్లే ఇరవై మీటర్లు ఉంటాయి. తోపు కంటే పొట్టి యాంటెన్నా పెడితే మాట తోపులోనే ఆగిపోతుంది. నిబంధనలు ఒప్పుకునే గరిష్ఠ ఎత్తు 30 మీటర్లు. అంతా వాడుకోవాలనే తీర్మానించాం.

కంట్రాక్టరు 4,80,000 రూపాయలకు కొటేషన్ ఇచ్చాడు. చూస్తే అది సెకనుకు 39 మీటర్ల గాలికి వేసిన డిజైన్. మా తీరంలో 50 మీటర్లు లెక్కలోకి తీసుకోవాలి. గాలి ఒత్తిడి వేగం వర్గంతో (వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కన) పెరుగుతుంది కాబట్టి టవర్ మీద పడే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. డిజైన్ మార్చమంటే ధర 7,90,000 అయింది. కొటేషన్‌లో గాలి వేగం రాసి లేకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక స్థిరత్వ ధ్రువపత్రం, అంటే టవర్ గట్టిగా నిలబడుతుందని ఇచ్చే కాగితం. జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసుకి మూడుసార్లు తిరిగాం. మొదటిసారి మీటింగ్ అన్నారు. రెండోసారి డ్రాయింగ్ కాగితం సైజు సరిగా లేదన్నారు. మూడోసారి పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా వరండాలో నిలబెట్టారు. అరవై ఏళ్లు దాటిన మా సంఘం అధ్యక్షురాలికి కుర్చీ అడిగితే, ఖాళీగా ఉన్న కుర్చీనే లోపలికి లాక్కున్నారు. చివరికి అక్కడి ఆఫీసరు ఫైలు తెరవకుండానే బల్ల మీద పడేశాడు. "ఊరి మైకుకి ఇంత టవరేటమ్మా? ఒక ఇనప గొట్టం పాతుకోండి" అన్నాడు. గదిలో పదిమంది నవ్వారు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అధ్యక్షురాలు అక్క మాత్రం తొణకలేదు. "బాబూ, తిత్లీ నాడు మా ఇంటి రేకు ఎగిరెళ్లి కొబ్బరిచెట్టుకి సుట్టుకుపోనాది. ఆ గాలికి నీ గొట్టం నిలబడతాదేటి? నిలబడతాదని కాయితం మీద రాసియ్యి, ఎలిపోతాం" అంది. నవ్వులు ఆగిపోయాయి. ఆయన ఏమీ రాయలేదు. పది రోజులకి సంతకం వచ్చింది. పెద్ద చదువులు లేని మనిషి, మా జిల్లా ఆడది, ఆ ఒక్క ప్రశ్నతో పని చేయించింది. దీన్ని నేను గర్వంగా చెప్పుకుంటాను.

పునాది సంగతి మరీ చెప్పాలి. ఐదడుగులు తవ్వేసరికి నీరు ఊరింది, రెండు మోటార్లు రాత్రింబవళ్లు తోడాయి. గాలికి టవర్ ఒక పక్క కాళ్లు పైకి లేవకుండా పట్టి ఉంచేది కింద పోసే కాంక్రీటు దిమ్మల బరువే. వదులు ఇసుకలో అవి ఇంకా పెద్దవి కావాలి. కాంక్రీటుకే 3,40,000 అయింది. పిడుగుల కోసం ఎర్తింగ్ గుంత ఒకటి సరిపోక నాలుగు తవ్వాం. ఉప్పుగాలికి రంగు వేసిన ఇనుము ఆగదు, జింకు పూత పెట్టించిందే తీసుకోండి. ఇక్కడ మిగుల్చుకోవాలని చూడకండి.

సిమెంటు కొట్టుకి ఇంకా 62,000 బాకీ ఉంది. జీడిపిక్కల డబ్బు రాగానే అక్క మొదట అదే తీరుస్తానంది. నిన్న అందరూ వెళ్లిపోయాక ఆమె టవర్ కాలు మీద చెయ్యి వేసి, చీకటి పడేదాకా అక్కడే నిలబడింది.