ఎల్‌ఎల్‌బీ చదువు, సినిమా కోర్టు: నా అనుభవం

లా చదవాలనుకునే పిల్లలు నన్ను మొదట అడిగేది సినిమాల గురించే. కోర్టులో నిజంగా అలాగే వాదిస్తారా అని. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఈమధ్యే పూర్తయింది కాబట్టి, నేను చూసింది చూసినట్టు చెబుతాను.

సినిమాలో లా కాలేజీ అంటే ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, క్యాంటీను, ఎన్నికల గొడవలు. లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు. అందుకే హైదరాబాద్‌లో నేను చేరిన తరగతిలో మా నాన్న వయసువాళ్లు కూడా ఉన్నారు. నా బెంచీలో ఒకవైపు రిటైరైన బ్యాంకు ఉద్యోగి, మరోవైపు ఇద్దరు పిల్లల తల్లి. భూమి తగాదాతో ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన పెద్దాయన ఒకరు ఆస్తి బదిలీ చట్టం పాఠంలో ప్రశ్న వేస్తే, జవాబు కోసం మాస్టారు కూడా పుస్తకం తెరిచేవారు. అలాంటి తరగతి గదిని నేను ఏ సినిమాలోనూ చూడలేదు.

మేము చదువుతుండగానే, 2024 జులై 1న ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. సినిమా డైలాగుల్లో పాతుకుపోయిన హత్య సెక్షన్ 302 ఇప్పుడు 103, మోసం సెక్షన్ 420 ఇప్పుడు 318. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు 1860 నాటి ఐపీసీయే వర్తిస్తుంది కనుక రెండూ చదవక తప్పలేదు.

నన్ను నిజంగా మార్చింది మాత్రం మూట్ కోర్టు (విద్యార్థులు కల్పిత కేసుల్లో వాదించే నమూనా కోర్టు) పేపరు. అందులో 100 మార్కులకు 30, ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ స్వయంగా చూసి రికార్డు రాసినందుకు. క్రిమినల్ కేసు కోసం నాంపల్లి కోర్టుకు వెళ్లి వెనక బల్ల మీద కూర్చున్నాను. జడ్జిగారి చేతిలో సుత్తి లేదు, మన కోర్టుల్లో అది వాడరు. భగవద్గీత కూడా లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం సాక్షి దేవుని పేరు మీద ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుని ప్రస్తావన లేకుండానే నిజం చెబుతానని అనవచ్చు. ఉదయమంతా వాయిదాలే. బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరు పిలవడం, లాయరు లేవడం, మరో తేదీ పడటం.

మధ్యాహ్నం ఒక దొంగతనం కేసులో కిరాణా దుకాణదారు బోనెక్కాడు. వీధి దీపం వెలుగులో ముద్దాయిని గుర్తుపట్టానని చీఫ్‌లో, అంటే తనను పిలిచిన పక్షం అడిగినప్పుడు, చెప్పాడు. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం ప్రశ్నించేటప్పుడు, ముద్దాయి లాయరు గొంతు పెంచలేదు.

"పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో వీధి దీపం సంగతి చెప్పారా?"

"చెప్పలేదు."

"ఆ స్తంభం దుకాణానికి ఎంత దూరం?"

"కొలవలేదు."

ఒక్కో జవాబును జడ్జిగారు వాక్యంగా చెబుతుంటే టైపిస్టు కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగాకే తరువాతి ప్రశ్న. లాయరు దీపాన్ని అక్కడే వదిలేశారు. ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే సాక్షి ఏదో ఒక సంజాయిషీ చెప్పేవాడు. చివర్లో లాయరు ఆరోపణకు సాక్షి జవాబుగా "నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం నిజం కాదు" అన్న వాక్యం టైపయింది, సాక్షి సంతకం పెట్టాడు. సినిమాలో అయితే దీపం మాట దగ్గరే సంగీతం అందుకుని, మరో రెండు నిమిషాల్లో తీర్పు వచ్చేసేది. ఇక్కడ ఆ జవాబులు కాగితం మీదికి ఎక్కాయి, అంతే. వాదనల రోజున వాటిని బయటికి తీసి చదవగలిగిన లాయరుకే అవి పనికొస్తాయి. నేను అంతవరకు లాయరు పనంటే మాట్లాడటమే అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి చదవడం మీద గౌరవం పెరిగింది.

అలాగని సినిమాలన్నీ తప్పని నేను అనను. 2021లో వచ్చిన 'జై భీమ్' నాకు చాలా ఇష్టం. హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే) పిటిషన్‌లో హైకోర్టు సాధారణంగా అఫిడవిట్ల (ప్రమాణం చేసి రాసిచ్చిన పత్రాల) మీదే విచారిస్తుంది, సాక్షులను బోనెక్కించదు. ఆ సినిమాలో లాయరు కేరళకు చెందిన రాజన్ కేసు అనే పాత కేసును చూపించి, సాక్షులను ప్రశ్నించడానికి అనుమతి తెచ్చుకుంటాడు. లైబ్రరీలో పాత తీర్పులు ముందేసుకుని మూట్ కోర్టుకు మెమోరియల్ (రాతపూర్వక వాదన) రాసేటప్పుడు మేము వెతికేది అలాంటి దారినే.

ఇక ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా పేరు నమోదు), ఆ తరువాత అఖిల భారత బార్ పరీక్ష ఉన్నాయి. ఒక సీనియర్ మేడమ్ తన ఆఫీసుకు రమ్మన్నారు. మొదటి పని కూడా అప్పజెప్పారు: ఒక పాత కేసు కట్టలోని సాక్ష్యాలన్నీ చదివి, ఎవరి మాట ఎక్కడ పొంతన కుదరలేదో రాసి తేవాలి. సోమవారం నుంచి వెళ్తున్నాను.