లైన్ వేసే కుర్రాడు వెళ్లకముందే అడగండి

ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఆపరేటర్ ఇచ్చే తెల్ల డబ్బాని అందరం రౌటర్ అనేస్తాం. దాని అసలు పని ఫైబర్‌లో వచ్చే కాంతిని మన నెట్‌వర్క్ సిగ్నల్‌గా మార్చడం. ఓఎన్‌యూ అంటారు. చాలావాటిలో వైఫై కూడా ఉంటుంది గానీ, రాజమండ్రిలో మా పాతకాలపు మందపాటి గోడల ఇంట్లో అది హాలు దాటితే గొప్ప. అందుకే నా సొంత రౌటర్ పెట్టుకుందామనుకున్నాను.

"దేనికి సార్ ఇంకోటి? ఇది సరిపోద్ది" అన్నాడు లైన్ వేయడానికొచ్చిన కుర్రాడు, నిచ్చెన భుజానికెత్తుకుంటూ. "కాస్త కాఫీ తాగి వెళ్లు బాబూ" అని అమ్మ ఆపింది. ఆ కాఫీ టైమే నాకు కలిసొచ్చింది.

అడిగినవి రెండే. డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (అంటే అది సిగ్నల్ మార్చి ఇస్తే చాలు, మిగతా పని నా రౌటర్ చేస్తుంది) పెట్టమన్నాను, పీపీపీఓఈ (ఆపరేటర్ నెట్‌వర్క్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పమన్నాను. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నాడు. రెండోది "కస్టమర్లకి ఇవ్వం సార్" అన్నారు ఆఫీసులో. డబ్బు కట్టేది నేను, లాగిన్ మాత్రం వాళ్ల దగ్గర! కాసేపు బతిమాలితే ఫోన్‌లోనే చెప్పారు. కుర్రాడు రసీదు వెనకాల రాస్తూ, "మధ్యలో కింద గీత ఉంది, మర్చిపోకండి" అని దాన్ని రెండుసార్లు దిద్దాడు.

మిగతాది పెద్ద పనేం కాదు. డబ్బా లాన్ పోర్ట్ (ఇంట్లో పరికరాలకి కలిపేది) నుంచి రౌటర్ వాన్ పోర్ట్‌కి (బయటి నెట్ లోపలికి వచ్చేది) ఒక కేబుల్. వాన్ పోర్ట్ సాధారణంగా వేరే రంగులో ఉంటుంది. రౌటర్ వైఫైకి ఫోన్ కలిపి, బ్రౌజర్లో 192.168.0.1 కొట్టి (కొన్నింటికి 192.168.1.1, రౌటర్ అడుగున రాసి ఉంటుంది), కనెక్షన్ రకం పీపీపీఓఈ అని ఎంచుకుని ఆ వివరాలు ఇచ్చాను. అయినా కనెక్ట్ కాలేదు. పాస్‌వర్డ్ తప్పేమో అని కుర్రాడు మళ్లీ సరిచూశాడు. విషయం అది కాదు. కొందరు ఆపరేటర్లు మొదట కలిపిన పరికరం మ్యాక్ నంబర్‌కి (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబర్) లైన్‌ని కట్టేస్తారు. ఆఫీసువాళ్లు దాన్ని విడిపించగానే నెట్ వచ్చేసింది.

బ్రిడ్జ్ మోడ్ లేకుండా డబ్బా వెనకాల రౌటర్ తగిలించినా నెట్ వస్తుంది. యూట్యూబ్‌కి ఇబ్బందేం లేదు. కానీ ఇంటి పరికరాల అడ్రస్‌లని బయటి అడ్రస్‌గా మార్చే పని డబ్బాలోనూ రౌటర్‌లోనూ రెండు చోట్లా జరుగుతుంది కాబట్టి, బయటి నుంచి ఇంటి కెమెరాకి పోర్ట్, అంటే దారి, తెరవాలంటే తలనొప్పి. డబ్బాకీ, రౌటర్‌కీ ఒకే అడ్రస్ ఉంటే అసలుకే మోసం.

డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైట్ ఎర్రగా వెలిగితే మాత్రం రౌటర్ జోలికి పోకండి. ఫైబర్‌లో కాంతి రావడం లేదని అర్థం. వైరు మడత పడిందేమో చూసి ఆపరేటర్‌కి ఫోన్ చేయడమే. కరెంటు పోయినా నెట్ ఉండాలంటే చిన్న యూపీఎస్ డబ్బాకీ, రౌటర్‌కీ రెండింటికీ కావాలి. కొనేముందు అడాప్టర్ల మీద వోల్టేజీ చూసుకోండి, ఒకటి 12 ఉండి ఇంకోటి 9 ఉండొచ్చు.