వెబ్ ఆప్షన్లలో నేను చేసిన పని

మా పెద్దమ్మాయి ఎంసెట్ రాసింది 2025లో. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు గానీ మా ఇంట్లో ఇంకా ఎంసెటే. ర్యాంకు 20 వేల పైన వచ్చింది. గొప్పదేం కాదు, తీసిపారేసేదీ కాదు. అసలు టెన్షనంతా ఇలాంటి ర్యాంకుతోనే.

నాకు సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్, తప్ప వేరే ఆలోచన లేదు. విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్లో 22 ఏళ్లుగా బిల్లులు రాస్తున్నవాణ్ణి. పిల్ల ఏసీ గదిలో కూర్చుంటే చాలనుకున్నాను. అదేమో సివిల్ ఇంజనీరింగ్ అంది.

"ఎండలో మేస్త్రీల వెంట తిరుగుతావా?"

"బుడమేరు వరద వచ్చినప్పుడు నువ్వేగా నాన్నా అన్నావు, ఇదంతా చూసుకునేవాడే లేడా అని."

అన్నాను. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్‌లో మా వాటాలోకి నడుం లోతు నీళ్లు వచ్చాయి. మేడ మీద ఓనరు గారింట్లో తలదాచుకున్నాం. దాని పదో తరగతి మెమో ఉన్న ఫైలు అటక మీద ఉండబట్టి దక్కింది. బుడమేరు డైవర్షన్ కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయనీ, పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లు విరగ్గొట్టాయనీ అది ఫోన్లో చూసి చెబుతుంటే, ఒళ్లు మండి అన్న మాట అది. నేను మర్చిపోయాను. చిన్నప్పుడు స్కూటర్ మీద తిప్పుతూ ఆ బ్యారేజీ 70 గేట్లూ లెక్కపెట్టించిందీ నేనే.

జూలైలో కౌన్సెలింగ్. 1200 ఫీజు కట్టి, సర్టిఫికెట్ల వెరిఫికేషన్ అయ్యాక నెట్ సెంటర్లో కూర్చుని ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరుసగా, పెట్టింది. మొదటి పదీ సివిలే. మార్చుకోవడానికి ఒక రోజు ఇస్తారు. ఫోన్ నంబరు నాది, పాస్‌వర్డు నా దగ్గరే. ఆ రోజు కొట్టుకు సెలవు పెట్టి, వేరే నెట్ సెంటర్‌కి వెళ్లి, సీఎస్ఈలన్నీ పైకి జరిపించాను.

"అమ్మాయికి తెలుసా అంకుల్?" అన్నాడు అక్కడి కుర్రాడు.

"ఆఁ" అన్నాను.

ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్ఈ వచ్చింది. అలాట్‌మెంట్ ఆర్డరు చూసి అది ఏమీ అనలేదు. రాత్రి అన్నం తిని, కంచం కడిగి పెట్టి, మడత పెట్టిన కాగితం ఒకటి నా ముందుంచింది. తను పెట్టిన ఆప్షన్ల ప్రింటు. "నువ్వు పెట్టినవాటి ప్రింటు కూడా ఉంటే ఇవ్వు నాన్నా, రెండూ ఫైల్లో పెడతాను" అంది. తిట్టినా బాగుండేది.

రెండో విడతలో ఆప్షన్లు మళ్లీ పెట్టుకోవాలి. కొత్తగా వెళ్లేవాళ్లకు ఒక మాట: అందులో వేరే సీటు వస్తే మొదటిది దానంతటదే రద్దయిపోతుంది. కాళ్లావేళ్లా పడ్డా తిరిగి ఇవ్వరు. అందుకని, వస్తే చేరతాం అనుకున్నవే పెట్టాలి. ఈ సంగతి తెలిశాక రెండు రాత్రులు నాకు కంటి మీద కునుకు లేదు. చేతిలో ఉన్న సీఎస్ఈ సీటు పోతుందన్న భయం ఒకటి, అది మళ్లీ కంచం కడిగి వచ్చి ఎదురుగా నిలబడుతుందన్న భయం ఒకటి. మూడో రోజు పొద్దున్నే పాస్‌వర్డు నేనే చదివి చెప్పాను, అది కొట్టింది. ఐదే ఆప్షన్లు పెట్టింది.

నరసరావుపేట జేఎన్‌టీయూలో సివిల్ వచ్చింది.

మా బావమరిది ఇప్పటికీ, "చేతికొచ్చిన సీఎస్ఈ వదిలేశారేంటి బావా" అంటాడు. మొదట్లో దానికి బోలెడంత సంజాయిషీ ఇచ్చేవాణ్ణి. ఈ మధ్య "అవును, వదిలేశాం" అని టీ తాగుతున్నాను.