కనిపించిందే గియ్యి

మొన్న పుస్తకాల అర సర్దుతుంటే 11, 12 తరగతుల నాటి బయాలజీ ల్యాబ్ రికార్డ్ బయటపడింది, అట్ట సగం ఊడిపోయి, అక్కడక్కడా అయోడిన్ మరకలతో. మొదటి పేజీలో ఉల్లి పొర బొమ్మ. ఇటుకలు పేర్చినట్టు సెల్స్, ఒక సెల్ మధ్యలో పెద్ద గుండ్రం, దానికి బాణం గీసి దర్జాగా 'న్యూక్లియస్' అని రాసుకున్నా. పక్కనే ఎర్ర ఇంకుతో సార్ రాసిన రెండు ముక్కలు: 'ఇది గాలిబుడగ'.

నల్లగా మందపాటి అంచు ఉంటే అది బుడగ అని ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను, అప్పుడు తెలీదు. కవర్ స్లిప్‌ని (పైన కప్పే పల్చటి గాజు బిళ్ళ) ఒక పక్క ఆనించి సూదితో మెల్లగా దించాలి, నేనేమో టప్పున పడేశా, కింద గాలి ఇరుక్కుపోయింది. అసలు న్యూక్లియస్‌లు ఉన్నాయి, అయోడిన్ పట్టి గోధుమరంగు చుక్కల్లా, చాలావరకు సెల్ గోడకి ఒత్తుకుపోయి (మధ్యలో జాగా అంతా వాక్యూల్ అనే నీళ్ళ సంచే ఆక్రమించుకుంటుంది కదా). వాటిని నేను మురికి అనుకుని వదిలేశాను. ఎందుకంటే పుస్తకంలో న్యూక్లియస్ పెద్దగా నడిమధ్యలో ఉంటుంది, నేను వెతికింది దాన్ని. "పుస్తకంలో బొమ్మ నేనూ చూశాన్రా, నీకు కనిపించిందే గియ్యి" అన్నారు సార్. ఆ రెండేళ్ళలో ఆయన ఈ మాట ఎన్నిసార్లు అన్నారో లెక్కలేదు.

బయాలజీ అంటే చాలామంది 'అంతా బట్టీయేగా' అంటారు. సగం నిజమే, కాదనను. సెల్ లోపల ఏముందో అక్కడ మొదలుపెట్టి ఎంజైములు, కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియ, డీఎన్‌ఏ నుంచి ప్రోటీన్ ఎలా తయారవుతుంది, మైటోసిస్, మియోసిస్, జెనెటిక్స్, ఎవల్యూషన్, ఒంట్లో గుండె కిడ్నీ నరాలు హార్మోన్లు, ఆఖర్న ఎకాలజీ, ఇదంతా రెండేళ్ళలో అవగొట్టాలి. శ్వాసక్రియలో వచ్చే క్రెబ్స్ సైకిల్ నేను ఎన్నిసార్లు నేర్చుకున్నానో అన్నిసార్లు మర్చిపోయాను, పరీక్ష రాసి బయటికొచ్చేసరికే సక్సినేట్ ముందా ఫ్యూమరేట్ ముందా అని డౌటు. కానీ ల్యాబ్‌లో చేసింది మాత్రం ఒక్కటీ పోలేదు, చెడగొట్టినవైతే మరీ బాగా గుర్తున్నాయి.

ఉదాహరణకి బంగాళాదుంప ముక్కలు. ఒకే సైజులో కోసి, బరువు తూచి, ఉత్త నీళ్ళ దగ్గర్నుంచి బాగా చిక్కటి చక్కెర నీళ్ళ దాకా వరసగా పెట్టిన ట్యూబుల్లో వేసి, కాసేపయ్యాక మళ్ళీ తూస్తాం. పల్చటి ద్రావణంలో ముక్క నీళ్ళు తాగి బరువెక్కుతుంది, చిక్కటి దాంట్లో నీళ్ళు వదిలేసి మెత్తబడుతుంది. ఎంత శాతం పెరిగింది, ఎంత తగ్గింది గ్రాఫ్ గీస్తే గీత ఎక్కడ సున్నాని దాటుతుందో అక్కడ దుంప లోపలా బయటా సమానం అన్నమాట. నా గ్రాఫ్‌లో అన్నీ బుద్ధిగా కిందికి దిగుతుంటే ఒక్క చుక్క మాత్రం పైకి ఎగిరి కూర్చుంది. పక్కబెంచి వాడు "రబ్బరెట్టి చెరిపేయ్, ఎవడు చూస్తాడు" అన్నాడు. చెరిపేశాను కూడా. సార్ పేపర్ని లైటుకి పెట్టి చూసి, చెరిపిన చోట వేలు పెట్టి "ఇక్కడేదో ఉండాలే" అన్నారు! తిట్టలేదు, ఆ ముక్క తూచేముందు తడి అద్దావా అని అడిగారు. అద్దలేదు. ఆ చుక్క మళ్ళీ పెట్టించి, పక్కన కారణం రాయించారు. మార్కులు ఆ కారణానికే పడ్డాయి, అది నాకు అప్పట్లో చాలా వింతగా అనిపించింది.

ఎంజైముల ప్రాక్టికల్ సులువు, పచ్చి దుంప ముక్క మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ, ఉడికించిన ముక్క మీద పోస్తే చప్పుడు లేదు, దుంపలో ఉండే కేటలేజ్ అనే ఎంజైము వేడికి పాడైపోయిందని తెలిసిపోతుంది. ఆకుని వేడి ఆల్కహాల్‌లో ముంచి ఆకుపచ్చంతా పోగొట్టి అయోడిన్ వేస్తే లోపలి పిండిపదార్థం నల్లబడటం కూడా అంతే, ఒకసారి చూస్తే చాలు.

జెనెటిక్స్‌కి వచ్చేసరికి కథ మారింది. మెండెల్ బఠాణీ లెక్క అందరికీ తెలిసిందే, 5,474 గుండ్రటి గింజలు, 1,850 ముడతల గింజలు, భాగిస్తే 2.96, అంటే దాదాపు 3:1. మాకు ఊదా, పసుపు గింజలు కలిసిన మొక్కజొన్న కంకి ఇచ్చి వంద గింజలు లెక్కపెట్టమన్నారు. 75, 25 రావాలి. నాకు 82, 18 వచ్చాయి. మళ్ళీ గుండె జారింది. అప్పుడు చెప్పారు కై స్క్వేర్ గురించి, వచ్చిన తేడా అదృష్టం వల్ల వచ్చేంత తేడానా కాదా అని చూసే లెక్క. నాది 2.61 వచ్చింది, ఇలాంటి లెక్కకి హద్దు 3.84, అది దాటితేనే అనుమానపడాలి, అంటే నా 82, 18తో 3:1కి వచ్చిన ముప్పేమీ లేదు. లెక్కల క్లాసులో తప్పు అంటే తప్పే, ఇక్కడేమో ఎంత తేడా వస్తే మామూలో దానికి కూడా ఒక లెక్క ఉంది. ఇంకో తమాషా, 1936లో ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ ఆయన మెండెల్ అంకెలన్నీ తిరగేసి ఇవి ఉండాల్సిన దానికంటే మరీ చక్కగా ఉన్నాయే అని అనుమానపడ్డాడు. దాని మీద వాదన చాలా ఏళ్ళు నడిచింది. నా రబ్బరు గుర్తొచ్చి నవ్వుకున్నా, మెండెల్ రబ్బరు వాడాడని మాత్రం నేననను.

అదే వారంలో విన్న ఇంకో సంగతి నన్ను అంతకంటే ఎక్కువ పట్టుకుంది. మనిషి సెల్‌లో క్రోమోజోములు 46 అని ఇప్పుడు చిన్నపిల్లలు కూడా చెప్తారు. 1923లో పెయింటర్ అనే ఆయన 48 అని తేల్చాడు, ఆ తర్వాత 30 ఏళ్ళకి పైగా పుస్తకాల్లో అదే అంకె. అప్పటి స్లైడుల్లో క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి కుప్పగా పడుండేవి, అది నిజమే, కానీ ఈలోపు ఇంకా కొందరు లెక్కపెట్టి వాళ్ళకీ 48 వచ్చిందన్నారు చూడండి, అదీ విషయం. 1956లో జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ స్వీడన్‌లో పనిచేస్తూ, సెల్స్‌ని పల్చటి ద్రావణంలో ఉబ్బేలా చేసి క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాక లెక్కపెడితే 46. అంటే అన్నేళ్ళూ ఎంతోమంది మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి నాలాగే గాలిబుడగకి న్యూక్లియస్ అని పేరు పెట్టారన్నమాట, ఈ పోలిక కొంచెం ఎక్కువైందేమో గానీ నాకు మాత్రం చాలా ధైర్యం వచ్చింది.

ఎకాలజీకి బయట గడ్డిలో మీటరు చదరం ఫ్రేము వేసి లోపలున్న మొక్కలు లెక్కపెట్టడం ఉండేది. ఎక్కడ వెయ్యాలో మనం ఎంచుకోకూడదు, ముందే తీసుకున్న రాండమ్ నంబర్లు ఎక్కడ చెప్తే అక్కడే, లేకపోతే చెయ్యి తనంతట తనే పూలున్న వైపుకి పోతుంది. ఎండలో ఒకటే దురదలు, అంతకుమించి చెప్పేదేం లేదు. డిసెక్షన్ గురించి కూడా రాయను, నాకది నచ్చలేదు, మోడల్ పెట్టి చూపించినా అదే నేర్చుకునేవాణ్ణి.

రికార్డ్‌లో ఆఖరి బొమ్మ ఉల్లి వేరు కొనది. కొన కోసి, గోరువెచ్చటి యాసిడ్‌లో మెత్తబెట్టి, రంగు వేసి, కవర్ స్లిప్ మీద బొటనవేలితో నొక్కితే సెల్స్ ఒకే పొరగా పరుచుకుంటాయి. పుస్తకంలో సెల్ రెండుగా విడిపోయే దశలు ప్రోఫేజ్, మెటాఫేజ్, ఎనాఫేజ్, టీలోఫేజ్ నాలుగూ పక్కపక్కనే సమానంగా నిలబడి ఉంటాయి. స్లైడ్‌లో అలా ఉండదు, ఎటు చూసినా విడిపోకుండా ఊరికే కూర్చున్న సెల్సే. 200 లెక్కపెడితే విడిపోతున్నవి 17. అందులో ప్రోఫేజ్ 11, మెటాఫేజ్ 3, టీలోఫేజ్ 2, ఎనాఫేజ్ ఒకే ఒక్కటి, అది కూడా స్లైడ్ అంచున, సగం మసకగా. దాన్ని మసకగానే గీశాను.

సార్ బొమ్మ చూసి, ఎనాఫేజ్ ఒక్కటే ఎందుకు దొరికింది అని అడిగారు. నేను స్లైడ్ బాలేదు సార్ అన్నా. "స్లైడ్ బానే ఉంది, అది త్వరగా అయిపోతుంది కాబట్టి దొరకదు" అన్నారు. ఏ స్టేజ్ ఎక్కువసేపు ఉంటే ఆ స్టేజ్‌లో ఎక్కువ సెల్స్ దొరుకుతాయి, గడియారం అక్కర్లేదు, తలలు లెక్కపెడితే టైమ్ తెలుస్తుంది. ఒక సెల్ పుట్టి మళ్ళీ రెండుగా విడిపోయే మొత్తం సైకిల్ 20 గంటలు అనుకుని లెక్క వెయ్యమన్నారు. 200లో ఒకటి, అంటే 6 నిమిషాలు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశా, కదలని చచ్చిన సెల్స్‌ని చూసి అవి ఎంతసేపు కదిలాయో చెప్పానని.

బొమ్మ కింద ఎర్ర ఇంకు ఇంకా ఉంది: 'ఒక్క సెల్‌ని చూసా 6 నిమిషాలు? ఇంకో 200 లెక్కపెట్టి రా.'