పాత జెన్‌కి టర్బో ఎక్కించా, డైనో దగ్గర తిట్లు తిన్నా

మొన్న ఆదివారం నా మారుతి జెన్ డైనో (బండి బలం కొలిచే యంత్రం) మీద 128 హెచ్‌పీ చూపించింది. అదీ చక్రాల దగ్గర. కంపెనీ నుంచి దిగినప్పుడు ఈ బండిలో ఉన్నది 993 సీసీ కార్బ్యురేటర్ ఇంజన్, ఇంజన్ దగ్గర కొలిచినా 50 హెచ్‌పీ. ఈ ముక్క ముందే చెప్పేశాను, ఇక మిగతా కథ కోపంగానే చెప్తాను.

ఇంజన్ పని పెద్ద కష్టం కాలేదు. జెన్, ఎస్టీమ్ ఇంజన్లు ఒకే జి సిరీస్ కుటుంబం. జెన్‌ది 72 మి.మీ. బోరు (సిలిండర్ వెడల్పు), 61 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). ఎస్టీమ్‌ది 74, 75.5, అంటే 1298 సీసీ. 16 వాల్వుల ఎస్టీమ్ ఇంజన్‌ని జెన్‌లో దించడం మన దేశంలో పాత విద్యే. బెంగళూరు శివాజీనగర్ గుజిరీలో, అంటే పాత సామాన్ల బజారులో, ఇంజన్ దొరికింది, జేసీ రోడ్డులో బేరింగులు, సీళ్ళు కొన్నాను. బోరింగు, హెడ్ ఫేసింగు పీణ్యలో చేయించాను. ఫోర్జ్‌డ్ పిస్టన్లు బయటి దేశం నుంచి వచ్చాయి, కస్టమ్స్ వాళ్ళు వాటి మీద బాగానే వడ్డించారు. ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, స్టాండలోన్ ఈసీయూ (కంపెనీది కాకుండా విడిగా పెట్టే ఇంజన్ కంప్యూటర్) అన్నీ మా మదనపల్లె మేస్త్రి షెడ్డులోనే బిగించాం.

ఒక మాట. ఇది ట్రాక్ బండి, ఫ్లాట్‌బెడ్ మీదే ప్రయాణం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మనిష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ రెండూ గానీ పడేలా చేశారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద రాత్రిళ్ళు పటపటలాడించే పిల్లకాయలు ఇది చదివితే బాగుండు. చదవరు.

ఇక అసలు సంగతి, డైనో ట్యూనింగు, అంటే బండిని డైనో మీద నడిపిస్తూ ఈసీయూలో లెక్కలు సరిచేయడం. పేరు చెప్పను, ఊళ్ళో పేరున్న ట్యూనరే. తెలుగువాడే, నెల్లూరు వైపు. గంటకింత అని డైనో బాడుగ, దాని పైన ఆయన ఫీజు. మొదటి పుల్ (ఫుల్‌గా తొక్కి చూసే పరుగు) 4500 ఆర్‌పీఎం దాకా బాగానే వెళ్ళింది, ఆ పైన ఢబ్ ఢబ్ మని మిస్‌ఫైర్, సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోవడం లేదు. ఆయన ల్యాప్‌టాప్ చూసి "లీన్ కొడుతోంది సార్", అంటే గాలికి తగ్గ పెట్రోలు లేదు, అని పెట్రోలు పెంచాడు. మళ్ళీ అదే. మళ్ళీ పెంచాడు. మధ్యాహ్నానికి ప్లగ్గులు తీస్తే నల్లగా తడిసి ఉన్నాయి, ఇంజన్ ఆయిల్ పెట్రోలు కంపు కొడుతోంది. అయినా స్క్రీను మాత్రం లీన్ అనే అంటోంది.

అప్పుడు మొదలైంది ఆయన పాట. "పెట్రోలు బాగాలేదు సార్." మేలురకం పెట్రోలు ఎక్స్‌పీ 95 కొట్టించిన బిల్లు చూపించాను. "అయితే హెడ్ గాస్కెట్ పోయింటుంది." కంప్రెషన్ టెస్టు చేశాం, నాలుగు సిలిండర్లూ దాదాపు సమానం. "మీ గేజి తప్పు." అక్కడ రెండు పోలోలు, ఒక ఫియస్టా వంతు కోసం ఎదురుచూస్తున్నాయి. వాళ్ళందరి ముందు నవ్వుతూ అన్నాడు: "గుజిరీ ఇంజన్‌కి ఇంత ఈసీయూ ఎందుకు సార్? ఈ డబ్బులకి సెకండ్ హ్యాండ్ పోలో జీటీ వచ్చేది కదా." ఫియస్టా కుర్రాడు పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. మా మేస్త్రికి అరవై దాటాయి, ఆయన్ని "ముసలాయనా, వైరింగు నువ్వే చేశావా" అన్నాడు. నన్నేమన్నా పడతాను గానీ ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. బిల్లు కట్టి బండి ఫ్లాట్‌బెడ్ ఎక్కించాం. సమస్య తీరకపోయినా బాడుగలో పైసా తగ్గించలేదు, అదీ రాసిపెట్టుకోండి.

దారిలో మేస్త్రి ఒకటే మాటన్నాడు. "నాయనా, కాలని పెట్రోలుతో పాటు కాలని గాలి కూడా సైలెన్సర్‌లోకే కదా పోయేది?" అక్కడే చిక్కుముడి విడింది. స్క్రీనుకి లీన్ అని చెప్పేది సైలెన్సర్ గొట్టంలోని వైడ్‌బ్యాండ్ సెన్సర్, అది కొలిచేది ఆక్సిజన్‌ని. సిలిండర్‌లో మంట అంటుకోకపోతే లోపలి గాలంతా అలాగే బయటికి వస్తుంది, సెన్సర్ దాన్ని చూసి పెట్రోలు తక్కువైందని చెప్తుంది. ఆ మాట నమ్మి పెట్రోలు పోస్తే ప్లగ్గు తడుస్తుంది, మిస్‌ఫైర్ ఇంకా పెరుగుతుంది, స్క్రీను ఇంకా లీన్ చూపిస్తుంది. ఆయన పొద్దున్నుంచీ చేసింది సరిగ్గా ఇదే.

మరి మిస్‌ఫైర్ ఎందుకు? రాత్రి ఈసీయూలో టైమింగ్‌ని, అంటే ప్లగ్గు మంట పెట్టే క్షణాన్ని, 10 డిగ్రీల దగ్గర కదలకుండా కట్టేసి, పుల్లీ మీది గుర్తు మీద టైమింగ్ లైటు (ప్లగ్గు మండినప్పుడల్లా మెరిసే లైటు) కొట్టాను. ఐడిల్‌లో గుర్తు సరిగ్గా ఉంది. ఆర్‌పీఎం పెంచే కొద్దీ గుర్తు జరుగుతోంది! కట్టేసిన టైమింగ్ ఎలా జరుగుతుంది? మేస్త్రి బీడీ పారేసి వంగి చూశాడు, ఇద్దరం ఒకేసారి క్రాంక్ సెన్సర్ (ఇంజన్ ఎంత తిరిగిందో ఈసీయూకి చెప్పేది) వైపు తిరిగాం.

మా క్రాంక్ పుల్లీకి 36 పళ్ళలో ఒకటి లేని చక్రం ఉంది. దాని ఎదుట ఉండే సెన్సర్‌లో అయస్కాంతం, తీగచుట్ట తప్ప ఇంకేం ఉండవు. పన్ను దాటుతుంటే వోల్టేజి పైకి లేచి ఒక్కసారిగా కిందికి పడుతుంది. పన్ను నడిమధ్య సున్నా దాటే ఆ నిటారు పతనాన్ని ఈసీయూ పట్టుకోవాలి. రెండు వైర్లు తారుమారైతే అది పళ్ళ మధ్యలోని నెమ్మది వాలుని పట్టుకుంటుంది, పన్ను లేని చోట తికమక పడుతుంది. స్పీడు పెరిగే కొద్దీ టైమింగ్ జారుతుంది, ఒక దశలో లెక్కే తప్పుతుంది. ఇంతా చేసి, ఆ వైర్లు తారుమారై ఉన్నది మేము కొన్న రెడీమేడ్ హార్నెస్ (వైర్ల కట్ట)లోనే. దాంతో వచ్చిన కాగితం ప్రకారమే మేస్త్రి కనెక్టర్ బిగించాడు.

రెండు వైర్లు అటుదిటు మార్చి, ఈసీయూలో టైమింగ్ ఆఫ్‌సెట్ (మొదలు లెక్క) మళ్ళీ సరిచేశాం. గుర్తు 4000 దగ్గర కూడా కదల్లేదు. ఖర్చు సున్నా.

స్టాండలోన్ ఈసీయూ పెట్టుకునేవాళ్ళు డైనోకి వెళ్ళే ముందు ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోండి. మీ ట్యూనర్ సంచిలో టైమింగ్ లైటు ఉందో లేదో అడగండి. లేదంటే ఆయన ఎంత పెద్ద పేరున్నవాడైనా దండం పెట్టి వచ్చేయండి.

రెండో డైనో వేరే చోట. అక్కడి అమ్మాయి ల్యాప్‌టాప్ తెరవకముందే లైటు అడిగి పుచ్చుకుంది. 0.8 బార్ బూస్టు (టర్బో తోసే గాలి ఒత్తిడి), ఫుల్ లోడు మీద 11.8 మిక్స్చర్ (ఒక వంతు పెట్రోలుకి 11.8 వంతుల గాలి), మిస్‌ఫైర్ అన్న మాటే లేదు. ఆ షీటు ఫోటో మొదటి ట్యూనర్‌కి వాట్సాప్ చేశాను. "పెట్రోలు మార్చినట్టున్నారు, గుడ్" అని జవాబిచ్చాడు.

ఇప్పుడున్న బాధ వేరు. ముప్పాతిక టన్ను బరువు, ముందు చక్రాలే లాగాలి, ముందు చక్రాలే తిరగాలి. రెండో గేరులో బూస్టు అందుకోగానే స్టీరింగు చేతుల్లోంచి లాక్కుంటుంది, మలుపు నుంచి బయటపడేటప్పుడు లోపలి చక్రం ఊరికే తిరిగి రబ్బరు కాల్చుకుంటుంది. ఒక చక్రమే ఊరికే తిరగకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేస్తే గానీ చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్ళను. దాని ధర విన్నాక మా ఆవిడ రెండు రోజులుగా మాట్లాడటం లేదు.